బైక్‌కి కొత్త బ్రేక్ ప్యాడ్లు కొనేముందు పాతవాటిని చదవండి

బ్రేక్ ప్యాడ్లు మార్చాలి అనగానే చాలామంది మొదట అడిగేది "ఏ కంపెనీవి మంచివి?" అని. అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. మీ బండికి ఉన్న క్యాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్క్ మీదకు నొక్కే భాగం) ఏది, డిస్క్ ఏ లోహంతో చేసింది, తయారీదారు మొదట్లో ఏ రకం ప్యాడ్ వేశాడు, మీరు ఎలాంటి దారుల్లో ఎలా నడుపుతారు అన్నవి ముందు తేలాలి. ఈ నాలుగూ తేలాక షాపులో కనిపించే డబ్బాల్లో ఎక్కువ భాగం వాటంతట అవే పక్కకు పోతాయి. మిగిలిన రెండు మూడింటిలో దేన్ని తీసుకున్నా పెద్ద తేడా ఉండదు.

ఇక్కడ చెప్పేదంతా డిస్క్ బ్రేకుల గురించే. డ్రమ్ బ్రేకుల్లో ఉండేవి బ్రేక్ షూలు, వాటి లెక్క వేరు.

1. అసలు మార్చే సమయం వచ్చిందా?

క్యాలిపర్ వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. డిస్క్‌కి రెండు వైపులా ఇనుప పలకలు, వాటికి అతుక్కుని డిస్క్‌ను పట్టుకునే పదార్థం కనిపిస్తాయి. కొలవాల్సింది ఆ పదార్థం మందం ఒక్కటే, పలకను కలపకూడదు. కొత్తగా ఉన్నప్పుడు చాలా బైకుల్లో ఇది సుమారు 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. 2 మిల్లీమీటర్లకు వచ్చిందంటే కొత్తవి తెచ్చుకోవాలి. చాలా మాన్యువళ్లు 1 మిల్లీమీటరును ఆఖరి హద్దుగా చెబుతాయి, కానీ అక్కడిదాకా లాగడం అనవసరం. పదార్థం పల్చబడేకొద్దీ వేడి నేరుగా ప్యాడ్లను వెనక నుంచి నొక్కే పిస్టన్లకు, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. కొన్ని ప్యాడ్ల మీద అరుగుదల చూపే గాడి ఉంటుంది. అది కనిపించకుండా పోయిందంటే ఇక ఆలోచించాల్సింది లేదు.

లోపలి వైపు ప్యాడ్‌ను కూడా తప్పకుండా చూడండి. బయటిది బాగుందని వదిలేస్తే లోపలిది ఇనుము దాకా అరిగిపోయి ఉండొచ్చు.

లివర్ బాగానే ఉంది కదా, ప్యాడ్లు కూడా బాగానే ఉండి ఉంటాయి అనుకోవద్దు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులో ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరిగి ఆ ఖాళీని తనే సర్దుకుంటుంది. అందుకే లివర్ పట్టు దాదాపు మారదు. మారేది రిజర్వాయర్‌లో (బ్రేక్ ఆయిల్ ఉండే చిన్న డబ్బా) ఆయిల్ మట్టం, అది మెల్లగా దిగుతుంది. మట్టం తగ్గిందని ఆయిల్ పోసేముందు ప్యాడ్లు చూడండి. అరిగిన ప్యాడ్లతో నిండా పోస్తే, కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు అదంతా పొంగి పెయింట్ మీద పడుతుంది. ఆ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది.

2. పాత ప్యాడ్లను విప్పి చదవండి

నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన అడుగు ఇదే, జనం వదిలేసేదీ ఇదే. పాత ప్యాడ్లు చెత్తబుట్టలో పడేసి కొత్తవి బిగించేస్తే, వాటిని పాడు చేసిన కారణం బండిలోనే ఉండిపోతుంది.

రెండు ప్యాడ్లూ సమానంగా, చివరినుంచి చివరికి ఒకే మందంతో అరిగాయంటే క్యాలిపర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నేరుగా మూడో అడుగుకు వెళ్లిపోవచ్చు.

ఒక ప్యాడ్ బాగా అరిగి రెండోది కొత్తదానిలా ఉంటే క్యాలిపర్ రకాన్ని బట్టి అర్థం మారుతుంది. పిస్టన్లు ఒకే వైపు ఉండి, క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద అటూ ఇటూ జరిగే రకంలో స్లైడర్ పిన్నులు ఎండిపోయి లేదా తుప్పు పట్టి ఉంటాయి. రెండు వైపులా పిస్టన్లు ఉన్న రకంలో ఒక పిస్టన్ ఇరుక్కుని ఉంటుంది. ప్యాడ్ ఒక చివర మందంగా, మరో చివర పల్చగా, ఏటవాలుగా అరిగినా అనుమానించాల్సింది వీటినే. ఈ స్థితిలో ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా దాని గతి కూడా అంతే.

పైభాగం అద్దంలా మెరుస్తూ గట్టిపడి ఉంటే, ప్యాడ్ అతిగా వేడెక్కిందన్నమాట. లేదా కొత్తలో సరిగా అలవాటు చేయకపోవడం (పదో అడుగు చూడండి), ఎప్పుడూ బ్రేకును మెత్తగా నొక్కి ఉంచుతూ నడపడం కారణం కావచ్చు. పట్టు తగ్గడం, కీచుమనడం దీని లక్షణాలు. సాండ్ పేపర్‌తో రుద్ది తాత్కాలికంగా నడిపించవచ్చు కానీ మందం ఎలాగూ తగ్గి ఉంటే మార్చేయడమే మంచిది.

ప్యాడ్ నల్లగా, జిడ్డుగా ఉంటే ఫోర్క్ సీల్ (ముందు ఫోర్క్ లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు) కారుతోందేమో, క్యాలిపర్ పిస్టన్ సీల్ దగ్గర తడి ఉందేమో చూడండి. ఆయిల్ పీల్చుకున్న ప్యాడ్‌ను కడిగి, కాల్చి బాగుచేసే చిట్కాలు చాలా వినిపిస్తాయి. వాటి జోలికి వెళ్లొద్దు. ఆయిల్ లోపలి దాకా ఇంకి ఉంటుంది, వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. కారుతున్న సీల్ మార్చాకే కొత్త ప్యాడ్లు వేయాలి.

ఇంకో సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేక్ తగ్గిపోతోందని "ఇంకా గట్టి ప్యాడ్లు" కొనడానికి వచ్చేవాళ్లు ఉంటారు. ఆ సమయంలో లివర్ ఎలా ఉందో గుర్తు చేసుకోండి. లివర్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే అది ప్యాడ్ వేడికి పట్టు కోల్పోవడం, అప్పుడు వేరే రకం ప్యాడ్ పనికొస్తుంది. లివర్ స్పాంజిలా మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడినట్టు. దానికి మందు కొత్త ఆయిల్, కొత్త ప్యాడ్ కాదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. చాలామంది తయారీదారులు రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే.

3. సరిపోయే ఆకారం, నంబరు పట్టుకోండి

బండి పేరు చెప్పి ప్యాడ్ అడగడం సగం సమాచారమే. ఒకే మోడల్‌కు వేర్వేరు సంవత్సరాల్లో, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే వ్యవస్థ) ఉన్నదానికీ లేనిదానికీ వేర్వేరు క్యాలిపర్లు ఉండొచ్చు. అలాగే రెండు వేర్వేరు కంపెనీల బైకులకు ఒకే క్యాలిపర్ ఉండటం కూడా మామూలే, ఎందుకంటే క్యాలిపర్లు తయారుచేసే సంస్థలు వేరు.

కాబట్టి మోడల్, తయారైన సంవత్సరం, ముందు చక్రమా వెనక చక్రమా, ఏబీఎస్ ఉందా, క్యాలిపర్ మీద చెక్కిన పేరు ఏమిటి అన్నవి రాసిపెట్టుకోండి. పాత ప్యాడ్ వెనక పలక మీద ఉన్న నంబరు కూడా రాసుకోండి. విడి ప్యాడ్లు అమ్మే తయారీదారులు ప్రతి ఆకారానికి ఒక నంబరు ఇస్తారు. ఉదాహరణకు ఈబీసీ అనే ప్యాడ్ల కంపెనీ వాళ్ల ప్యాడ్ల మీద ఎఫ్‌ఏ అక్షరాలు, తర్వాత ఆకారం నంబరు ఉంటాయి. చివర హెచ్‌హెచ్ అని ఉంటే సింటర్డ్ రకం (లోహపు పొడులతో చేసినది, నాలుగో అడుగులో చూద్దాం). నంబరు ఆకారాన్ని, తోక అక్షరాలు పదార్థాన్ని చెబుతాయని గుర్తుంటే, ఒకే ఆకారంలో మీకు కావలసిన రకాన్ని వెతుక్కోవడం తేలిక.

కొత్త ప్యాడ్ చేతికి వచ్చాక పాతదాని మీద పెట్టి చూడండి. పిన్ను రంధ్రం సైజు, చెవులు, వెనక పలక మందం, మూలల వంపు అన్నీ కుదరాలి. కొంచెం రాకి సరిపెట్టడం, రంధ్రం పెద్దది చేయడం బ్రేకుల విషయంలో పనికిరాదు. ముందు చక్రానికి రెండు డిస్కులు ఉంటే రెండు సెట్లు కావాలి. సెట్టు అంటే సాధారణంగా ఒక క్యాలిపర్‌కు సరిపడేవి మాత్రమే, ఆర్డర్ ఇచ్చేముందు అడిగి తెలుసుకోండి.

4. పదార్థం: అసలు నిర్ణయం ఇక్కడే

ఆర్గానిక్ ప్యాడ్లలో అరామిడ్ లాంటి పీచులు, రబ్బరు, గ్రాఫైట్ వంటివాటిని రెసిన్‌తో (జిగురులా పట్టి ఉంచే పదార్థం) కలిపి అచ్చుపోస్తారు. ఒకప్పుడు ఆస్బెస్టాస్ వాడేవారు, ఊపిరితిత్తులకు ప్రమాదమని చాలామంది తయారీదారులు దాన్ని మానేశారు. ఆర్గానిక్ ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు మెత్తగా, ముందే ఊహించగలిగేలా పట్టుకుంటుంది. శబ్దం తక్కువ, డిస్క్‌ను తక్కువ అరగదీస్తుంది, తొందరగా అలవాటు పడుతుంది. లోటు ఏమిటంటే త్వరగా అరుగుతుంది. బురదలో, ఇసుకలో అయితే మరీ త్వరగా. ఎక్కువ వేడిలో రెసిన్ దెబ్బతిని పట్టు జారుతుంది.

సింటర్డ్ ప్యాడ్ తయారీ పూర్తిగా వేరు. ముఖ్యంగా రాగి ఉండే లోహపు పొడులను ఒత్తిడితో, అవి కరగనంత వేడితో ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తారు. వేడిని బాగా ఓర్చుకుంటుంది, వానలో కూడా పట్టు అంతగా తగ్గదు, ఎక్కువ కాలం వస్తుంది. బరువైన, వేగమైన బైకుల ముందు చక్రానికి కంపెనీలు ఎక్కువగా దీన్నే ఇస్తాయి. అయితే డిస్క్‌ను కాస్త ఎక్కువ అరగదీస్తుంది, శబ్దం చేయొచ్చు. లోహం కాబట్టి వేడిని క్యాలిపర్ వైపు ఎక్కువగా పంపుతుంది. అందుకే కొన్ని ప్యాడ్ల వెనక వేడిని ఆపే పొర ఉంటుంది. పాత ప్యాడ్ వెనక అలాంటి పలక విడిగా ఉంటే దాన్ని పారేయకండి, కొత్తదాని వెనక మళ్లీ పెట్టాలి.

ఈ రెండిటి మధ్యలో సెమీ మెటాలిక్ రకం ఉంటుంది. రెసిన్‌లోనే లోహపు పొడి కలుపుతారు. గుణాలు కూడా మధ్యస్థంగానే ఉంటాయి. "సెరామిక్" అనే మాటను మాత్రం జాగ్రత్తగా చూడండి. ఎంత సెరామిక్ కలిపితే అలా పిలవాలన్నది డబ్బా మీద రాసి ఉండదు, ఒక్కో తయారీదారు దానికి ఒక్కో అర్థం ఇస్తాడు.

రేసు ప్యాడ్ల సంగతి ఒక్క మాటలో: రోడ్డు మీద వద్దు. అవి బాగా వేడెక్కాకే పట్టుకునేలా తయారుచేసినవి. పొద్దున్నే చల్లటి బండితో వీధి మలుపులో ఎవరైనా అడ్డం వస్తే, మీకు అప్పుడే కావలసిన పట్టు వాటిలో ఉండదు.

5. ప్యాడ్ అంచు మీది రెండు అక్షరాలు

ఎఫ్‌ఎఫ్, జీజీ, హెచ్‌హెచ్ అని జంట అక్షరాలు కనిపిస్తాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణ గుణకాన్ని (ప్యాడ్ ఎంత పట్టుకుంటుందో చెప్పే అంకె), రెండోది ఎక్కువ వేడిలో దాన్ని చెబుతుంది. ఇంగ్లిష్ అక్షరం E అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే 0.55కి పైన. రెండో అక్షరం మొదటిదానికంటే కింది మెట్టులో ఉంటే వేడెక్కేకొద్దీ పట్టు తగ్గుతుందన్నమాట.

ఇంతవరకు ఉపయోగమే. కానీ "హెచ్‌హెచ్ అంటే అన్నిటికంటే మంచిది" అనుకోవడం పొరపాటు. ఈ అక్షరాలను నిర్ణయించే పరీక్షలో అంగుళం చదరపు ముక్కను పోత ఇనుప డ్రమ్ మీద రుద్ది కొలుస్తారు. మీ స్టెయిన్‌లెస్ స్టీల్ డిస్క్ మీద, వానలో, మీ చేతి ఒత్తిడికి అది ఎలా స్పందిస్తుందో ఆ అక్షరాలు చెప్పవు. ఎంతకాలం వస్తుందో, ఎంత శబ్దం చేస్తుందో కూడా చెప్పవు. పైగా ఒక్కో అక్షరం వెడల్పు ఎక్కువ: ఘర్షణ 0.36 ఉన్న ప్యాడ్, 0.44 ఉన్న ప్యాడ్ రెండూ ఎఫ్ కిందకే వస్తాయి. తేలికైన బైకుకు, అందులోనూ ఏబీఎస్ లేనిదానికి, హెచ్‌హెచ్ వేస్తే లివర్ కొంచెం ఎక్కువ నొక్కినా చక్రం లాక్ అయ్యే అవకాశం పెరుగుతుంది. నా మాట అడిగితే, కంపెనీ వేసినదానికి దగ్గరగా ఉన్న అక్షరాలతో మొదలుపెట్టండి.

ప్యాడ్ మీద గానీ డబ్బా మీద గానీ వృత్తంలో ఇంగ్లిష్ అక్షరం E, పక్కన 90ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉంటే, అది విడి ప్యాడ్ల కోసం ఉన్న ఈసీఈ (ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం) ఆర్90 నిబంధన ప్రకారం ఆమోదం పొందినది. ఒరిజినల్ ప్యాడ్‌తో పోల్చినప్పుడు దాని పనితీరు 15 శాతానికి మించి అటూ ఇటూ ఉండకూడదన్నది అందులోని ముఖ్యమైన షరతు. రోజువారీ బండికి నేను జంట అక్షరాల కంటే ఈ గుర్తుకే ఎక్కువ విలువ ఇస్తాను.

6. డిస్క్‌ను మర్చిపోవద్దు

నేటి బైకుల్లో ఎక్కువగా ఉండే స్టెయిన్‌లెస్ స్టీల్ డిస్కుల మీద రెండు రకాలూ నడుస్తాయి. పోత ఇనుప డిస్క్ ఉన్న పాత బండ్లకు మాత్రం సింటర్డ్ వేయకూడదు, డిస్క్‌ను తినేస్తుంది. తయారీదారు ఆర్గానిక్ మాత్రమే వాడమని రాసి ఉంటే దానికే కట్టుబడండి.

డిస్క్ మీద కనీస మందం చెక్కి ఉంటుంది. మైక్రోమీటర్‌తో, ప్యాడ్ తాకే చోట కొలవండి. అంచున అరగని గట్టు మిగిలిపోతుంది కాబట్టి అక్కడ కొలిస్తే లెక్క తప్పుతుంది. హద్దు దాటితే డిస్క్ కూడా మార్చాల్సిందే. లోతైన గాళ్లు ఉంటే కొత్త ప్యాడ్ వాటి శిఖరాల మీద మాత్రమే ఆనుతుంది, మొదట్లో పట్టు తక్కువగా ఉంటుంది.

7. మీ నడకకు ఏది?

రోజూ ఊళ్లో తిరిగే తేలికైన బైకుకు, స్కూటర్‌కు ఆర్గానిక్ చాలు. తరచూ ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో చల్లని పట్టు, మెత్తదనమే ముఖ్యం. వెనక ఒకరిని ఎక్కించుకుని, సామానుతో దూరప్రయాణాలు చేసేవారికి, ఘాట్ రోడ్లలో తిరిగేవారికి, వానాకాలమంతా బండి ఆపనివారికి ముందు చక్రానికి సింటర్డ్ మంచిది. మట్టిదారుల్లో, బురదలో నడిపేవారికి ఆ పని కోసమే చేసిన సింటర్డ్ రకాలు దొరుకుతాయి.

వెనక చక్రం విషయంలో వేరే ఆలోచన కావాలి. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకు పడుతుంది, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకే చేస్తుంది. తేలికైపోయిన వెనక చక్రానికి మరీ పట్టుకునే ప్యాడ్ వేస్తే అది జారడానికే పనికొస్తుంది. అందుకే ముందు సింటర్డ్, వెనక ఆర్గానిక్ అన్న కలయిక చాలా బైకుల్లో సబబుగా ఉంటుంది. కానీ ఒకే క్యాలిపర్‌లో రెండు రకాలు కలపకూడదు. ముందున్న రెండు డిస్కులకు రెండు రకాలు అసలే వద్దు. ఒక లివర్ నొక్కితే రెండు బ్రేకులూ పనిచేసే కంబైన్డ్ బ్రేకింగ్ ఉన్న బండిలో అయితే కంపెనీ ఇచ్చిన రకాన్ని మార్చకుండా ఉండటమే క్షేమం, ఎందుకంటే ముందు వెనకల పంపకం ఆ ప్యాడ్లను బట్టే లెక్కగట్టి ఉంటుంది.

8. కొనేటప్పుడు

నకిలీలు ఎక్కువగా వచ్చే వస్తువుల్లో బ్రేక్ ప్యాడ్ ఒకటి. డబ్బా మీద అక్షరదోషాలు, మసకబారిన ముద్రణ, ప్యాడ్ మీద బ్యాచ్ నంబరు లేకపోవడం, పదార్థం అంచులు గోటితో గీకితే రాలడం, పలకకూ పదార్థానికీ మధ్య సన్నటి చీలిక, ఇవేవి కనిపించినా తిరిగి ఇచ్చేయండి. పదార్థం పలక నుంచి ఊడిపోతే బ్రేకే ఉండదు. ప్యాడ్లతో పాటు స్ప్రింగ్ పలక, పిన్ను, అది జారిపోకుండా పట్టే సర్‌క్లిప్ కూడా దొరికితే కొనండి. గాడిపడిన పాత పిన్ను మీద కొత్త ప్యాడ్ సాఫీగా జరగదు.

9. బిగింపు, క్లుప్తంగా

పద్ధతి క్యాలిపర్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ పక్కన పెట్టుకోండి. ప్యాడ్ పిన్నును క్యాలిపర్ బండికి బిగించి ఉన్నప్పుడే వదులు చేయండి, విప్పాక చేతిలో పట్టుకుని తిప్పడం కష్టం. దుమ్మును గాలితో ఊదకండి, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. బయటికి వచ్చిన పిస్టన్ భాగాన్ని శుభ్రం చేశాకే వెనక్కి నెట్టాలి, లేకపోతే ఆ మురికి సీల్‌ను కోస్తుంది. నెట్టేటప్పుడు రిజర్వాయర్ మీద ఒక కన్ను వేసి ఉంచండి. స్లైడర్ పిన్నులకు సిలికాన్ గ్రీజు మాత్రమే రాయండి, మామూలు గ్రీజుకు అక్కడి రబ్బరు ఉబ్బుతుంది. ప్యాడ్ ముఖానికి, డిస్క్‌కు ఏ గ్రీజూ తగలకూడదు. బోల్టులను టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించండి.

బండి కదిలించేముందు లివర్ గట్టిపడే దాకా మళ్లీ మళ్లీ నొక్కండి. ఇది మరిస్తే మొదటిసారి నొక్కినప్పుడు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. వెనక బ్రేక్ మార్చినా పెడల్‌తో ఇదే చేయాలి.

10. ప్యాడ్‌ను డిస్క్‌కు అలవాటు చేయడం

కొత్త ప్యాడ్ పదార్థం డిస్క్ మీద పల్చటి పొరగా సమానంగా పరుచుకోవాలి, అప్పుడే పూర్తి పట్టు వస్తుంది. రకం మార్చి ఉంటే డిస్క్ మీది పాత పొరను సన్నటి స్కాచ్ బ్రైట్‌తో రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి మొదలుపెట్టండి. ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మధ్యస్థంగా బ్రేక్ వేస్తూ, మధ్యలో చల్లారడానికి కాస్త నడుపుతూ పదిహేను ఇరవై సార్లు చేయండి. పూర్తిగా ఆగిపోయి, వేడి ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కి పట్టుకోవద్దు, ఆ చోట మచ్చ పడి తర్వాత లివర్‌లో అదురు తెలుస్తుంది. డబ్బా మీద తయారీదారు వేరే పద్ధతి చెప్పి ఉంటే అదే పాటించండి. మొదటి 200, 300 కిలోమీటర్లు ముందు వెళ్తున్న బండికి మామూలుకంటే ఎక్కువ దూరం పాటించండి.

ఆ తర్వాత ఒకసారి చక్రం పైకెత్తి తిప్పి చూడండి. కొద్దిపాటి రాపిడి శబ్దం మామూలే, చక్రం బరువుగా తిరిగితే మాత్రం పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఆగకుండా కీచుమంటుంటే ముందు స్ప్రింగ్ పలక, వెనక పొర సరిగా కూర్చున్నాయో చూసి, ఆ తర్వాతే ప్యాడ్‌ను అనుమానించండి. ప్యాడ్ నంబరు, మార్చిన తేదీ, ఓడోమీటర్ అంకె మాన్యువల్ లోపలి అట్ట మీద రాసి ఉంచండి, వచ్చేసారి మూడో అడుగులో వెతుకులాట తప్పుతుంది.